అధికారుల గుర్తింపు కార్డుల సామగ్రి కొనడం ఎలా: ఇండెంటు నుంచి చివరి ఖాళీ కార్డు లెక్క వరకు

పోలీసు శాఖలో గాని, సుంకాలు, అటవీ, జైళ్ల వంటి చట్టం అమలు చేసే శాఖల్లో గాని కొనుగోళ్ల విభాగానికి కొత్తగా వచ్చినవారు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతుంటారు. సిబ్బంది గుర్తింపు కార్డులకు కావలసిన ఖాళీ కార్డులు, ప్రింటరులో వేసే రంగు రిబ్బన్లు, హోలోగ్రామ్ ఫిల్మ్, కేసులు, బ్యాడ్జీలు కొనాలంటే టెండరులో ఏం రాయాలి, సరుకు దిగాక ఏం చూసుకోవాలి అన్నదే ఆ ప్రశ్న. స్టేషనరీ కొన్నట్టు కొంటే సరిపోదా అనే సందేహం కూడా దాని వెనుకే ఉంటుంది. సరిపోదు. స్టేషనరీ పెట్టె ఒకటి పోతే నష్టం దాని ధర మేరకే ఉంటుంది. శాఖ ముద్ర ఉన్న ఖాళీ కార్డుల పెట్టె పోతే, ఎవరో ఒకరు అధికారినని చెప్పి ఒక ఇంటి తలుపు తట్టి, సోదా పేరుతో లోపలికి వెళ్లగలరు. ఈ కొనుగోలులో ధర గురించి ఆలోచించేలోగా స్పెసిఫికేషన్, లెక్క ఈ రెండూ గట్టిగా ఉండాలి.

మీ శాఖ ఆర్థిక నియమావళి, టెండరు పరిమితులు, మంజూరు అధికారాలు మీకు తెలిసినవే కనుక వాటి వివరాలలోకి ఇక్కడ వెళ్లడం లేదు. ఏ శాఖలోనైనా మారని పనులను మాత్రమే వరుసగా చెబుతున్నాను.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- హోదాల వారీగా మంజూరైన పోస్టులు, పనిలో ఉన్న సిబ్బంది సంఖ్య, రాబోయే ఏడాదిలో పదవీ విరమణ చేసేవారి, కొత్తగా చేరేవారి అంచనా.
- గత రెండు మూడు సంవత్సరాలలో పోయిన, పాడైన, హోదా మారినందున తిరిగి ఇచ్చిన కార్డుల రిజిస్టరు.
- ఇప్పుడు వాడుతున్న ప్రింటరు మోడలు, దానికి సరిపడే రిబ్బన్ల, ఫిల్మ్ వివరాలు, గేట్ల దగ్గర ఉన్న చిప్ రీడర్ల వివరాలు.
- కార్డు నమూనాకు, దాని మీది రాజముద్రకు, సంతకానికి అధికారం ఇచ్చిన ఉత్తర్వు ప్రతి.
- ఒక సాంకేతిక అధికారి, ఒక స్టోర్సు అధికారి, కార్డును రోజూ జేబులో పెట్టుకుని తిరిగే క్షేత్రస్థాయి ఉద్యోగి ఉన్న చిన్న కమిటీ. మూడో వ్యక్తిని చాలామంది మరచిపోతారు. కార్డు ఎక్కడ వంగుతుందో, కేసు ఎక్కడ చిరుగుతుందో చెప్పగలిగేది అతడే.

1. ముద్రణ ఎవరి చేతిలో ఉండాలో మొదట తేల్చుకోండి

ఇందులో రెండు దారులున్నాయి. ఖాళీ కార్డులు కొని పేరు, ఫోటో, హోదా మీ కార్యాలయంలోనే ముద్రించుకోవడం ఒకటి. సిబ్బంది వివరాలు సరఫరాదారుకు ఇచ్చి పూర్తయిన కార్డులు తెప్పించుకోవడం రెండోది. రెండో దారిలో పని తేలికే గాని, మారువేషంలో పనిచేసేవారు, నిఘా విభాగంవారు సహా మొత్తం సిబ్బంది పేర్లు, ఫోటోలు బయటి సంస్థ కంప్యూటరులోకి వెళ్తాయి. ఆ సంస్థ ఎంత మంచిదైనా ఆ జాబితా ఎన్ని చోట్ల నకలు అవుతుందో మీరు చూడలేరు. శాఖ మరీ పెద్దదై, ముద్రణ మీ చేతుల్లో సాగే పని కాకపోతే తప్ప మొదటి దారే మంచిదని నా గట్టి అభిప్రాయం.

తప్పనిసరై బయట ముద్రింపజేస్తే మూడు షరతులు ఒప్పందంలోనే ఉండాలి. నిఘా సిబ్బంది కార్డులు విడిగా మీ దగ్గరే ముద్రణ కావాలి. పని పూర్తయిన నిర్ణీత గడువులో సమాచారం చెరిపివేసినట్టు సరఫరాదారు ధ్రువపత్రం ఇవ్వాలి. ముద్రణ జరిగే చోటికి ముందస్తు సమాచారం లేకుండా తనిఖీకి వెళ్లే హక్కు మీకు ఉండాలి.

2. ఎన్ని కావాలో లెక్క కట్టండి

సిబ్బంది సంఖ్యను పట్టుకుని ఇండెంటు (కావలసిన సరుకు కోరుతూ పెట్టే పత్రం) రాయడం అన్నిటికన్నా సాధారణమైన పొరపాటు. ప్రస్తుత సిబ్బందికి కొత్తగా చేరేవారిని, పోయిన వాటి స్థానంలో ఇచ్చే కార్డులను, పదోన్నతితో మారే కార్డులను, ముద్రణలో పాడయ్యే వాటిని, పరీక్షల్లో నాశనం చేసే వాటిని కలపాలి. చివరి రెండూ ఇండెంటులో కనిపించకపోతే ఆరు నెలలకే మళ్లీ అత్యవసర కొనుగోలు ఫైలు కదులుతుంది.

రిబ్బన్ల లెక్క వేరు. సాధారణ రంగుల రిబ్బనులో పసుపు, మెజెంటా, సయాన్, నలుపు, పైన రక్షణ పూత అనే భాగాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కార్డు మీద రంగు ఎంత తక్కువ పడినా ఒక కార్డుకు ఒక వరుస మొత్తం ఖర్చవుతుంది. వెనుక వైపు నల్లని అక్షరాలు మాత్రమే ఉంటే, వెనుకకు ప్రత్యేకంగా నలుపు భాగం అదనంగా ఉన్న రిబ్బను కొనండి. లేకపోతే నాలుగు అక్షరాల కోసం రంగుల వరుస ఇంకొకటి వృథా అవుతుంది. రిబ్బన్లకు, ఫిల్మ్‌కు వాడకపు గడువు ఉంటుంది కాబట్టి ఖాళీ కార్డులు రెండేళ్లకు కొన్నా, రిబ్బన్లను విడతలుగా తెప్పించుకునేలా ఒప్పందం రాసుకోండి.

పెద్ద కొనుగోలును టెండరు పరిమితి దాటకుండా చిన్న ముక్కలు చేయవద్దు. ఆడిటులో దొరకడం ఒక ఎత్తయితే, వేర్వేరు విడతలలో వచ్చిన కార్డుల రంగు, మందం తేడాగా ఉండి అసలు కార్డులనే నకిలీవని అనుమానించే పరిస్థితి రావడం ఇంకో ఎత్తు.

3. కార్డు పదార్థాన్ని, ముద్రణ పద్ధతిని జంటగా ఎంచుకోండి

కొలతలకు ఐఎస్ఓ/ఐఈసీ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలు) 7810 ప్రమాణంలోని ఐడీ-1 పరిమాణాన్ని పేర్కొంటే చాలు: పొడవు 85.60 మిల్లీమీటర్లు, వెడల్పు 53.98, మందం 0.76. మందంలో 0.08 వరకు తేడాను ప్రమాణమే అనుమతిస్తుంది. దీనికన్నా మందమైన కార్డు ప్రింటరులో ఇరుక్కోవచ్చు.

పీవీసీ అనే మామూలు ప్లాస్టిక్ చవక, రంగులు చక్కగా పడతాయి, కాని కొంతకాలానికి వంగి పగుళ్లు వస్తాయి. లామినేటరు వేడికి ఒంపు తిరుగుతుంది కూడా. లామినేషన్ చేయాలనుకుంటే పీఈటీ అనే వేడిని తట్టుకునే ప్లాస్టిక్ కలిపిన మిశ్రమ కార్డులు అడగండి. పాలికార్బొనేటు అనే గట్టి ప్లాస్టిక్ కార్డులో పొరలు జిగురు లేకుండా వేడికి ఒకటిగా కలిసిపోతాయి కనుక పొర ఊడదీసి ఫోటో మార్చడం చాలా కష్టం. ఫోటోను లేజరుతో లోపలి పొరలోనే చెక్కుతారు. దానికి లేజరు యంత్రం కావాలి, చిత్రం సాధారణంగా నలుపు తెలుపుల్లోనే వస్తుంది. ఆ యంత్రం లేకుండా పాలికార్బొనేటు కార్డులు మాత్రం కొని, ఉన్న ప్రింటరుతో నేరుగా రంగులు వేయబోతే ఫోటో వెలిసినట్టు వస్తుంది.

చిప్ ఉన్న కార్డుకు మరో జాగ్రత్త ఉంది. చిప్ ఉన్న చోట ఉపరితలం కొద్దిగా ఎత్తుపల్లాలుగా ఉంటుంది. కార్డు మీదికి నేరుగా ముద్రించే ప్రింటరు అక్కడ తెల్లటి మచ్చలు వదిలేస్తుంది. ముందు ఫిల్మ్ మీద ముద్రించి, తర్వాత ఆ ఫిల్మ్‌ను వేడితో కార్డుకు అతికించే రీట్రాన్స్‌ఫర్ ప్రింటరు ఈ ఇబ్బంది లేకుండా, అంచుల వరకు ముద్రిస్తుంది. ఇప్పుడున్న ప్రింటరు మొదటి రకమైతే, చిప్ కార్డులకు ఆర్డరు ఇచ్చేలోగా పది కార్డులు తెప్పించి ముద్రించి చూడండి.

కార్డు ఎంతకాలం పనికిరావాలో కూడా స్పెసిఫికేషన్‌లో చెప్పాలి. "నాణ్యమైన, మన్నికైన కార్డు" అని రాస్తే ఎవరు తెచ్చినా కాదనలేరు. ఎన్నేళ్ల వాడకానికి ఏ పరీక్షలు పెట్టాలో ఐఎస్ఓ/ఐఈసీ 24789 చెబుతుంది. వంపు, మెలిక, పొరల పట్టు వంటి పరీక్షలు చేసే విధానం ఐఎస్ఓ/ఐఈసీ 10373లో ఉంది. ఈ సంఖ్యలను పేర్కొని, గుర్తింపు పొందిన ప్రయోగశాల నివేదికను బిడ్డుతో పాటు అడగండి.

4. చిప్ కన్నా తాళపు సంకేతాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి

దగ్గర పెడితే చదివే చిప్‌లకు ఐఎస్ఓ/ఐఈసీ 14443, రీడరులోకి తోస్తే చదివే చిప్‌లకు ఐఎస్ఓ/ఐఈసీ 7816 ప్రమాణాలు. మొదటి రకం 13.56 మెగాహెర్ట్జ్ మీద, కొద్ది సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. ప్రమాణం ఒక్కటే పేర్కొని ఊరుకుంటే పాతబడిన చిప్‌లు చవకగా అంటగట్టే వీలుంది. మైఫేర్ క్లాసిక్ అనే పాత రకం చిప్‌లోని క్రిప్టో1 గుప్తీకరణ పద్ధతిని పరిశోధకులు 2008 నాటికే ఛేదించి చూపారు, అయినా ఆ రకం ఇంకా బజారులో దొరుకుతూనే ఉంది. ఏఈఎస్ వంటి బహిరంగంగా పరీక్షకు నిలిచిన గుప్తీకరణ, కామన్ క్రైటీరియా అనే అంతర్జాతీయ భద్రతా ధ్రువీకరణ రెండూ ఉండాలని స్పష్టంగా రాయండి.

చిప్ ఎంత మంచిదైనా, దానిలోని మాస్టర్ కీ (అన్ని కార్డులకూ మూలమైన తాళపు సంకేతం) సరఫరాదారు చేతిలో ఉంటే మీ కార్డుల మీద అధికారం అతనిదే. తర్వాతి టెండరులో వేరే సంస్థ గెలిచినా పాత సంస్థ కీలు ఇవ్వనంటే రీడర్లన్నీ మార్చుకోవలసి వస్తుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. సరఫరాదారు రవాణా కీతో (దారిలో రక్షణకు పెట్టే తాత్కాలిక సంకేతంతో) మాత్రమే చిప్‌లు పంపాలి. అవి చేరాక మాస్టర్ కీని మీ శాఖే తయారు చేసుకుని, ఇద్దరు ముగ్గురు అధికారులు ఒక్కొక్క భాగం విడివిడిగా పెట్టుకోవాలి. ప్రతి కార్డుకు దాని క్రమసంఖ్యతో కలిపి వేరే కీ ఉత్పన్నం కావాలి. అన్ని కార్డులకు ఒకే కీ ఉంటే ఒక్క కార్డు బద్దలైనా అన్నీ పోయినట్టే.

బ్రాండు పేరు ఎత్తకుండా ప్రమాణం మీద కొనడం ఎలాగో చూడాలనుకుంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ పద్ధతిని గమనించవచ్చు. 2004 ఆగస్టు నాటి అధ్యక్ష ఆదేశాన్ని అనుసరించి 2005లో ఉద్యోగుల గుర్తింపు కార్డులకు ఫిప్స్ 201 అనే ప్రమాణం వచ్చింది, దాని మూడో రూపం 2022 జనవరిలో వెలువడింది. ఆ ప్రమాణానికి తగినవని పరీక్షించిన ఉత్పత్తుల జాబితాను విడిగా ప్రచురిస్తారు, విభాగాలు అందులోంచి కొనుక్కుంటాయి. మీ దగ్గర అలాంటి జాబితా లేకపోయినా పద్ధతిని అనుసరించవచ్చు.

5. భద్రతా గుర్తులను మూడు మెట్లుగా విడగొట్టండి

మొదటి మెట్టు కంటికి కనిపించేది: కార్డును అటూ ఇటూ వాల్చి చూస్తే రంగు మారే సిరా, హోలోగ్రామ్, వేలికి తగిలే ఉబ్బెత్తు ముద్ర. రెండోది చిన్న పరికరంతో కనిపించేది: అతినీలలోహిత దీపం కింద వెలిగే గీతలు, భూతద్దంలో చదవగలిగే సూక్ష్మాక్షరాలు. మూడోది ప్రయోగశాలలో మాత్రమే తేలేది. మొదటి మెట్టును ప్రజలకు చెప్పాలి, అప్పుడే తలుపు దగ్గర నిలబడ్డ వ్యక్తి కార్డును వారు పరీక్షించుకోగలరు. రెండోది సిబ్బందికి నేర్పాలి. మూడోది బహిరంగ టెండరు పత్రంలో ఒక్క ముక్క కూడా ఉండకూడదు. గోప్యతా ఒప్పందం మీద సంతకం చేసిన అర్హులైన బిడ్డర్లకు మాత్రమే విడి అనుబంధంగా ఇవ్వాలి.

సిద్ధంగా దొరికే సాధారణ హోలోగ్రామ్ కొనవద్దు. తాళం గుర్తో, భూగోళం బొమ్మో ఉన్న అదే ఫిల్మ్‌ను ఎవరైనా కొనుక్కోగలరు. మీ శాఖకే ప్రత్యేకమైన డిజైను చేయించి, దాని మాతృక, అచ్చు శాఖ ఆస్తి అని ఒప్పందంలో రాయించండి.

6. కేసు, హోల్డరు, బ్యాడ్జీలను చివరి నిమిషానికి వదలవద్దు

వీటిని చిల్లర సామానుగా చూసి వేరే ఫైలులో కొనడం వల్ల ఎన్నో మంచి కార్డులు పాడవుతున్నాయి. మెత్తటి పీవీసీ హోల్డరులో పెట్టిన కార్డు మీది రంగులు నెమ్మదిగా హోల్డరులోకి దిగిపోతాయి. కొన్ని నెలలకు అధికారి ముఖం కార్డు మీద మసకబారి, హోల్డరు లోపలి వైపు అచ్చుపడి కనిపిస్తుంది. గట్టి పాలికార్బొనేటు గాని, పాలీప్రొపిలీన్ గాని అడగండి.

తోలు కేసులో ఒక వైపు లోహపు బ్యాడ్జీ, రెండో వైపు చిప్ కార్డు ఉంటే, మూసిన కేసును రీడరుకు ఆనించినా తలుపు తెరుచుకోదు. లోహం చిప్ యాంటెనాకు అడ్డుపడుతుంది. మధ్యలో లోహం ప్రభావాన్ని తగ్గించే ఫెర్రైటు పొర ఉన్న కేసు అడగవచ్చు, లేదా కార్డు సులువుగా బయటకు వచ్చే అర పెట్టించవచ్చు. తాడు తగిలించడానికి కార్డుకు రంధ్రం పొడిచేవారున్నారు. ఆ రంధ్రం యాంటెనా తీగ మీద పడితే కార్డు అక్కడితో సరి, కాబట్టి హోల్డరుకే రంధ్రం ఉండాలి. మెడ తాడు గట్టిగా లాగితే దానంతట అది ఊడేదే కొనాలి. పెనుగులాటలో ఊడని తాడు అధికారి మెడకే ఉరి అవుతుంది.

బ్యాడ్జీ మీద విడి సంఖ్య చెక్కించండి, అచ్చులను పని పూర్తికాగానే వెనక్కి తీసుకోండి.

7. టెండరు పత్రం రాయండి

ఇంతవరకు నిర్ణయించినవన్నీ ఇక్కడ షరతులుగా మారతాయి. వీటిలో సరఫరాదారు అర్హత ముఖ్యం. భద్రతా ముద్రణ నిర్వహణకు ఐఎస్ఓ 14298 అనే ప్రమాణం ఉంది. ఆ ధ్రువీకరణ ఉన్న సంస్థ తన ముద్రణాలయంలో పాడైన షీట్లను కూడా లెక్కపెట్టి నాశనం చేయాలి. ఉప గుత్తేదారుకు పని అప్పగించాలంటే మీ లిఖిత అనుమతి ఉండాలని రాయండి.

భద్రత పేరు చెప్పి ఒకే సంస్థకు నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా, ఇవ్వడం మరో సాధారణ పొరపాటు. దేశ భద్రత దృష్ట్యా మినహాయింపులు అంతర్జాతీయ కొనుగోలు ఒప్పందాలలోనూ ఉన్నమాట నిజమే. కాని రహస్యంగా ఉంచవలసింది భద్రతా గుర్తుల వివరాలనే. దానికి గోప్యతా ఒప్పందంతో పరిమిత టెండరు చాలు, పోటీని మొత్తంగా తీసేయనవసరం లేదు.

8. నమూనాలను పరీక్షించి, ఒకదానికి సీలు వేయండి

నమూనాల మీద నిజమైన అధికారుల వివరాలు వేయకండి, కల్పిత పేర్లతో పరీక్షించండి. ఆ పేర్లలో ఒకటైనా మీ జాబితాలోని అతి పొడవైన పేరంత ఉండాలి. తెలుగు వంటి లిపి వాడుతుంటే ఒత్తులు, గుణింతాలు ఎక్కువగా ఉన్న పేరు వేసి చూడండి. ముద్రణ సాఫ్ట్‌వేరు అక్షరాలను విడగొట్టడం, కింది ఒత్తు గీతలో కోసుకుపోవడం తరచూ ఇక్కడే బయటపడతాయి.

తర్వాత ఈ పనులు చేయండి. ముద్రణ మీద పారదర్శక టేపు అతికించి ఒక్కసారిగా లాగితే రంగు రాకూడదు. కార్డు మూలలో గోరు దూర్చితే పొర లేవకూడదు. అటూ ఇటూ పలుమార్లు వంచాక కూడా చిప్ చదవాలి. చేతులు శుభ్రం చేసుకునే ద్రవం చుక్క వేసి తుడిచితే అక్షరం చెదరకూడదు. కొన్ని కార్డులను క్షేత్ర సిబ్బందికి ఒక నెల ఇచ్చి చెమట, వాన, వెనుక జేబు అన్నీ చూడనివ్వండి. నెగ్గిన నమూనాలలో ఒకదాన్ని మీరు, సరఫరాదారు ఇద్దరూ సంతకం చేసిన కవరులో పెట్టి సీలు వేయండి. రేపు సరుకు తేడాగా ఉందని మీరు, లేదని అతను వాదించినప్పుడు తీర్పు చెప్పేది ఆ కవరే. అది లేకుండా సరుకు దిగాక తగవు పడడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

9. సరుకు దిగిన రోజు

లెక్క వేరు, నాణ్యత వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఎక్కువ చిక్కులు వస్తాయి. నాణ్యతను శాంపిల్ తీసి చూడవచ్చు. శాంపిల్ తనిఖీ ప్రమాణమైన ఐఎస్ఓ 2859-1 ప్రకారం 3,000 కార్డులు వస్తే సాధారణ తనిఖీలో 125 తీసి చూస్తారు. ఆమోద స్థాయి (నూటికి ఎన్ని లోపాలను సహించవచ్చో చెప్పే అంకె) 1.0గా పెట్టుకుంటే 3 లోపాల వరకు ఒప్పుకుని, 4 కనిపిస్తే విడత మొత్తం తిప్పి పంపుతారు. లెక్కకు మాత్రం శాంపిల్ పనికిరాదు. ప్రతి పెట్టె తెరిచి, ప్రతి కార్డు క్రమసంఖ్యను ఇద్దరు కలిసి సరఫరాదారు జాబితాతో సరిచూడాలి. ఒక్క సంఖ్య తక్కువైనా "తర్వాత పంపుతాం" అన్న మాట మీద రసీదు ఇవ్వవద్దు. తగ్గిన సంఖ్యను లిఖితంగా నమోదు చేసి, ఆ కార్డు ముద్రణాలయంలోనే నాశనమైందో, దారిలో పోయిందో తేలేవరకు బిల్లు ఆపండి. తేలకపోతే ఆ సంఖ్యను పోయిన కార్డుల జాబితాలో చేర్చి, రీడర్లలో నిరోధించండి.

కార్డులను అంచులు పట్టుకునే తీయండి. వేలిముద్ర నూనె పడిన చోట రంగు అతుక్కోక తెల్లటి మచ్చ మిగులుతుంది, దాన్ని సరుకు లోపంగా పొరపడే అవకాశం ఉంది.

10. నిల్వ, వాడకం, వ్యర్థాలు

ఖాళీ కార్డులు, హోలోగ్రామ్ ఫిల్మ్ ఒకే బీరువాలో, ముద్రించే వ్యక్తి దగ్గరే ఉండకూడదు. రెండు తాళాలు, ఇద్దరు వ్యక్తులు, రోజు చివర లెక్క అనేది కనీస నియమం. రిజిస్టరులో తీసుకున్నవి, ముద్రించినవి, పాడైనవి, తిరిగి పెట్టినవి అని నాలుగు గడులు ఉంటే చాలు. మొదటిది మిగతా మూడింటి మొత్తానికి సమానం కాని రోజు ఇంటికి వెళ్లకుండా వెతకాలి. పాడైన కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయడం నాశనం చేయడం కాదు. చిప్ సహా తునాతునకలయ్యేలా సమాచారం ఉన్న వస్తువులను నాశనం చేసే ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 21964 ప్రకారం తగిన స్థాయి ష్రెడరులో, సాక్షి సంతకంతో వేయాలి.

ఇక దాదాపు అందరూ వదిలేసేది వాడేసిన రిబ్బను. ముద్రణ అయిపోయిన రిబ్బను చుట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నలుపు భాగంలో ప్రతి అధికారి పేరు, హోదా, సంఖ్య అక్షరం పొల్లుపోకుండా ఖాళీ గీతలుగా కనిపిస్తాయి, రంగుల భాగాల్లో ముఖం కూడా కనిపిస్తుంది. రీట్రాన్స్‌ఫర్ ప్రింటరులో రంగుల రిబ్బనుతో పాటు వాడేసిన ఫిల్మ్ చుట్టకూ ఇదే జాగ్రత్త కావాలి. వాటిని స్టోర్సులో ఖాళీ కార్డుల మాదిరిగానే లెక్కలో ఉంచి, చుట్టల సంఖ్య రిజిస్టరులో రాసి, కార్డులతో పాటే నాశనం చేయండి. టెండరులో రిబ్బన్లతో పాటు ఈ నాశనం పనికి తగిన ష్రెడరును కూడా ఒక అంశంగా చేర్చుకుంటే దాని కోసం విడిగా మరో ఫైలు నడపనక్కరలేదు.